అరవై ఒకటో పేజీ

"అయిదింటికి జీపు కదులుతుంది మేడం. అందులో బైండరమ్మ ఉంటుంది. ఈలోపు మీరు ఏం వెతుక్కుంటారో వెతుక్కోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతి గడియారం చూపిస్తూ.

అప్పుడు టైము మూడూ ఇరవై. డిటెక్టివ్ చేతిలో ఉన్నది గంటా నలభై నిమిషాలు. అది కూడా దయతలచి ఇచ్చింది కాదు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో ఎదురెదురు బల్లల మీద పనిచేసినవాళ్లు. ఆమె ఉద్యోగానికి దణ్ణం పెట్టి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. అతను అక్కడే ఉండి మీసమూ హోదా రెండూ పెంచుకున్నాడు. ఆమె ఓడిపోతే కళ్లారా చూడాలన్నది అతని పదేళ్ల కోరిక.

కేసు చూడబోతే అతని వైపే ఉంది. శనివారం మధ్యాహ్నం ఈ అద్దె పుస్తకాల లైబ్రరీలో దాని యజమానురాలిని ఎవరో చంపారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. అందరికీ లైబ్రేరియనమ్మ. తల వెనక ఒకే ఒక్క దెబ్బ. కొట్టింది, అంటించిన పుస్తకాలు వంకర పోకుండా మీద పెట్టే ఇనుప దిమ్మతో. దిమ్మ ఈ లైబ్రరీలో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే బైండరమ్మది. దాని మీద వేలిముద్రలు బైండరమ్మవి. షాపు రెండో తాళంచెవి బైండరమ్మ కొంగున ఉంది. నాలుగింటికి వచ్చి శవాన్ని చూసిందీ బైండరమ్మే.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను రెండు రోజుల్లో పట్టాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ బైండరమ్మ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి, వేళ్ల సందుల్లో ఎండిన జిగురు, పక్కన మహిళా కానిస్టేబులు. తనకేం జరుగుతుందోనన్న భయం ఆమె ముఖంలో పెద్దగా లేదు. ఉన్న భయమంతా ఇంట్లో ఉన్న అక్క గురించి. అక్కకు చూపు లేదు. పూటపూటా బైండరమ్మ వెళ్లి కంచంలో ఏది ఎక్కడుందో చెబితే తప్ప తినదు.

"శనివారం మళ్లీ చెప్పక్కా. గంటలతో సహా."

ఒకటిన్నరకు లైబ్రరీ మూసి తను ఇంటికెళ్లిందట. లైబ్రేరియనమ్మ ఎప్పటిలా లోపలే ఉండిపోయింది. శనివారం కొత్త పుస్తకాల పార్సిల్ వచ్చే రోజు, అవి సిద్ధం చేసుకోవాలి. తను అక్కకు అన్నం పెట్టి, రేడియోలో రెండున్నర వార్తలు ఇద్దరూ విని, కాసేపు నడుం వాల్చి, నాలుగింటికి తిరిగొచ్చింది. డాక్టరు చెప్పిన ప్రకారం హత్య రెండుకీ మూడుకీ మధ్య జరిగింది. అంటే బైండరమ్మను కాపాడగలిగిన మనిషి లోకంలో ఒక్కతే, ఆ అక్క.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. కళ్లులేని సాక్షిని కోర్టులో నిలబెట్టి నవ్వులపాలు కాలేనన్నాడు. మధ్యాహ్నం విరామంలో లైబ్రేరియనమ్మ కొరియరు వాడికి కూడా తలుపు తీయదనీ, ఆ రోజు ఒకటీ నలభైకి పార్సిల్ కూడా కిటికీలోంచే తీసుకుందనీ, కాబట్టి లోపలికొచ్చింది తాళంచెవి ఉన్న మనిషేననీ చెప్పాడు.

"లేదా తాళంచెవి అక్కర్లేని మనిషి," అంది డిటెక్టివ్. "ఆవిడే లేచి వెళ్లి తలుపు తీసేంత నమ్మకస్తుడు. బయటికెళ్తూ తలుపు లాగితే గడి దానంతటదే పడుతుంది, దానికీ తాళం అక్కర్లేదు."

"అలాంటి నమ్మకస్తులెవరో మీరే చెప్పండి. ప్రతి శనివారం సాయంత్రం నవలల గురించి మాట్లాడుకోడానికి ఇక్కడ చేరే నలుగురినీ అడిగాను. ఇద్దరు ఊళ్లోనే లేరు. ఒకాయన ఆఫీసులో ఉన్నాడు. నాలుగో ఆయన మీ బాబాయ్. ఇంట్లో పడుకుని ఉన్నాడని సంతకం పెట్టి చెప్పింది మీరే కదా."

నిజమే. రెండుంపావుకి ఆమె భోజనానికి ఇంటికెళ్లింది. మేడ మీద బాబాయ్ గది తలుపు వేసి ఉంది, గుమ్మంలో ఆయన చెప్పులు ఉన్నాయి. ఆయనకు జ్వరమని పొద్దునే చెప్పాడు కాబట్టి లేపకుండా కిందికి దిగింది. అదే మాట వాంగ్మూలంలో రాసిచ్చింది.

తండ్రి పోయిన దగ్గర్నుంచి ఆమెను పెంచింది ఆ బాబాయే. పేపర్లో వారం వారం కొత్త డిటెక్టివ్ నవలల్ని పరిచయం చేస్తాడు. పాఠకులు సస్పెన్సు మాస్టారు అంటారు. ఆయన బాగుందన్న నవల సోమవారానికల్లా ఈ అరల్లో మిగలదు. ఆమెకు పదేళ్లప్పుడు మొదటి నవల చేతిలో పెట్టి, "ఎవరికి లాభం కలిగిందో పోలీసులు చూసుకుంటారు. నువ్వు ఎవరు తొందరపడ్డారో చూడు అమ్మాయ్," అన్నాడు. ఆమె వృత్తి మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది.

లైబ్రేరియనమ్మ కూర్చునే బల్ల దగ్గరికి వెళ్లింది. శనివారం నుంచి ఎవరూ ముట్టుకోకుండా పోలీసులు తాడు కట్టారు. బల్ల మీద అయిదు కొత్త నవలలు, రబ్బరు ముద్ర, ముద్ర అద్దే సిరా డబ్బా. డబ్బా మూత తీసి ఉంది. లోపలి గుడ్డ ఎండి బెరడు కట్టింది.

"ఆవిడ మూత ఇలా వదిలేస్తుందా అక్కా?"

"ఛ ఛ. ముద్ర ముద్రకీ మూత పెడతారమ్మా. నేను మర్చిపోతే తిట్టేవారు. పోయిన వారం పదిమంది ముందు మేం పోట్లాడుకున్నామని ఈ సారు అంటున్నారే, ఆ గొడవ ఈ మూత గురించే."

అంటే ముద్ర వేస్తుండగా ఎవరో తలుపు తట్టారు. తిరిగొచ్చి మూత పెట్టేంత వ్యవధి కూడా ఆవిడకు దొరకలేదు. డిటెక్టివ్ చేతికి తొడుగు వేసుకుని అయిదు నవలల్నీ ఒక్కొక్కటిగా తెరిచింది. రెండింటికి మొదటి పేజీ మీద లైబ్రరీ ముద్ర ఉంది. మూడింటికి లేదు.

కొత్త పుస్తకాలు వచ్చాక లైబ్రేరియనమ్మ పని వరస ఏమిటో చెప్పమంది. బైండరమ్మ వేళ్లు మడుస్తూ చెప్పింది. పార్సిల్ విప్పగానే అందులో వచ్చిన చీటీతో సరిచూసి, ఉన్న ప్రతి పుస్తకానికీ పెన్సిలుతో టిక్కు పెడుతుంది. తర్వాత అన్నిటికీ లోపలి ముద్ర. అదయ్యాక అన్నిటికీ మొదటి పేజీ మీద పై ముద్ర. ఆఖరున రిజిస్టరు.

"లోపలి ముద్ర ఏమిటి?"

బైండరమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. జీపు ఎక్కబోతూ కూడా ఆ రహస్యం చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. డిటెక్టివ్ చెవి దగ్గరికి వంగాక గొంతు తగ్గించి చెప్పింది.

"మొదటి పేజీ చింపేసి, పుస్తకం తమదేనని దబాయించేవాళ్లు ఉంటారు కదమ్మా. అందుకని అరవై ఒకటో పేజీ అడుగున, కుట్టు వైపు, చిన్న ముద్ర ఒకటి వేస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆవిడకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు."

డిటెక్టివ్ అయిదింట్లోనూ అరవై ఒకటో పేజీ తీసింది. వేలు పెట్టి కుట్టు దగ్గర విడదీస్తేగానీ కనపడనంత లోపలగా, అయిదింట్లోనూ పప్పుగింజంత నీలి ముద్ర ఉంది. లోపలి ముద్రలు పూర్తయ్యాయి. పై ముద్రలు రెండు పడేసరికి తలుపు చప్పుడైంది. ఇంతవరకు లెక్క సరిపోయింది.

"చీటీ ఎక్కడ పెడతారు?"

"రిజిస్టరులో. గుర్తుగా."

రిజిస్టరును పోలీసులు చూశారు. శనివారం తేదీన ఒక్క పుస్తకమూ ఎక్కలేదు కనుక మూసి పక్కన పెట్టేశారు. మధ్యలో పెట్టిన ఆ మడత కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు. డిటెక్టివ్ విప్పింది. ఆరు నవలల పేర్లు. ఆరింటికీ పెన్సిలు టిక్కులు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, పార్సిల్లో ఆరు వచ్చాయి. బల్ల మీద అయిదున్నాయి."

అతను చీటీ అందుకుని చదివాడు. ముసలావిడ లెక్క తప్పి ఉంటుందన్నాడు. డెబ్భైకి దగ్గరపడ్డ కళ్లన్నాడు. అన్నాడే గానీ చీటీ వెంటనే తిరిగివ్వలేదు. అతను మొండివాడు, బుర్ర లేనివాడు కాదు.

"ఎవరైనా నవల కోసం మనిషిని చంపుతారా? అయినా ఆ ఆరోది ఏమిటి?" అని తనే పైకి చదివాడు. "వెనక గుమ్మం మనిషి."

డిటెక్టివ్ చెయ్యి తనకు తెలియకుండానే భుజానికి ఉన్న సంచి మీదికి వెళ్లింది.

ఆ నవల సంచిలో ఉంది. నిన్న ఉదయం బాబాయ్ ఇచ్చాడు. ఆదివారం ఒక కొత్త నవల ఆమెకివ్వడం ముప్పై ఏళ్ల అలవాటు. ఎవరో కొత్త రచయిత, మొదటి నవల, పరిచయం రాయమని పది కాపీలు పంపారని చెప్పాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది తన సంగతి అనుకుని, వెంటనే తనను తాను తిట్టుకుంది. అచ్చయిన నవల ప్రపంచంలో ఒక్కటే ఉండదు. వెయ్యి వేస్తారు. బాబాయ్ దగ్గర ఒకటుంటే వింతేముంది?

ఆ మాట తనకు తాను చెప్పుకుంటున్నప్పుడే ఒక సంగతి తోచింది. ముప్పై ఏళ్లలో ఏ నవల ఇచ్చినా బాబాయ్ ఇచ్చేసి వెళ్లిపోయేవాడు. నిన్న మాత్రం తన గదికి పిలిచి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. మొదటి పేజీ చదువుతుంటే ఆమె ముఖం చూశాడు. "చదివి ఒక్క అబద్ధం లేకుండా చెప్పు," అన్నాడు.

గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

"అక్కా, లైబ్రేరియనమ్మ ఎప్పుడైనా ఏమైనా రాసేవారా?"

బైండరమ్మ కళ్లలో మొదటిసారి నీళ్లు తిరిగాయి. రాసేవారట. అయిదేళ్ల కిందట లావుపాటి నోటు పుస్తకం కుట్టివ్వమంటే తనే కుట్టింది. వేలకు వేల నవలలు చదివాను, ఒకటి రాయలేనా అని మధ్యాహ్నం విరామాల్లో తలుపేసుకుని రాసుకునేవారు. పూర్తయ్యాక నీటుగా ఇంకో ప్రతి రాసి ఎవరికో చదవమని ఇచ్చారు.

"ఎవరికి?"

"పేరు చెప్పలేదమ్మా. 'మన శనివారం వాళ్లలో నిజం చెప్పే మనిషి ఆయనొక్కడే' అన్నారు. ఏడాదికి ఆయన తిరిగిచ్చి, అచ్చుకు పనికిరాదని చెప్పారట. ఆ రోజు ఈవిడ అన్నం ముట్టలేదు. ఆ ప్రతిని ముక్కలు చేసి నా జిగురు డబ్బాలో పడేశారు. మొదట రాసుకున్న నోటు పుస్తకం మాత్రం పారేయబోతే నేనే దాచాను. ఎంత కష్టపడి కుట్టాననీ!"

దాచింది ఎక్కడో కాదు, తన పనిబల్ల కింద, అట్టముక్కల కట్టలో. మహిళా కానిస్టేబులు తీసిచ్చింది. డిటెక్టివ్ మొదటి పేజీ తిప్పింది. కొట్టివేతల మధ్య, గుండ్రటి అక్షరాలతో మొదటి వాక్యం ఇలా ఉంది. "ఆ ఇంట్లో అందరికంటే ముందు నిద్ర లేచేది గోడ గడియారం. ఆ రోజు అది కూడా లేవలేదు."

ఈ వాక్యం ఆమెకు కొత్త కాదు. నిన్న ఉదయం బాబాయ్ ఎదురుగా చదివి, "మొదటి వాక్యమే చాలా బాగుంది బాబాయ్," అని మెచ్చుకుంది. ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఎందుకంత మురిసిపోయాడో ఇప్పుడు తెలిసింది. ఆ కొత్త రచయిత పేరు వెనక ఉన్నది ఆయనే.

సంచి తెరవడానికి చేతులు రాలేదు. ఇక్కడితో ఆగితే ఇంకా ఒక దారి ఉంది. కథ దొంగిలించినవాడు హంతకుడే అయి ఉండాలని ఎక్కడా లేదు. పది కాపీలు వచ్చాయన్నాడు, అందులో ఒకటి తనకిచ్చాడు, అంతే. ఆమె నిన్న చూసిన ఆయన గదిని గుర్తు తెచ్చుకుంది. బాబాయ్ బల్ల మీద కాపీల కట్ట ఉంది. దానికి ప్రెస్సు వాళ్లు కట్టిన పురికొస తాడు ఉంది. తాడు ముడి విప్పలేదు. తనకిచ్చిన కాపీ ఆ కట్టలోంచి తీసింది కాదు. కట్ట మీద విడిగా ఉన్నది తీసిచ్చాడు. ముడి విప్పడానికి బద్ధకించాడు.

ఎవరు తొందరపడ్డారో చూడు అమ్మాయ్.

గోడ వైపు తిరిగి నిలబడి నవల బయటికి తీసింది. మొదటి పేజీ తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. యాభై. అరవై. అరవై ఒకటి. కుట్టు దగ్గర వేలు పెట్టి విడదీసింది.

పప్పుగింజంత నీలి ముద్ర.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం కూడా తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. గుమ్మంలో చెప్పులు వదిలి బూట్లేసుకుని బయటికెళ్లినవాడు, ఆ చెప్పుల్ని ఎవరు చూస్తారో, చూసి ఏమని సాక్ష్యం చెబుతారో తెలిసే వదిలాడు. ఆమె నమ్మకాన్ని ఆమె కంటే బాగా ఎరిగినవాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత ఎన్ని కేసుల్లో ఎంతమందికి చెప్పి ఉంటుందో, అది తన ఇంటికి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. అక్కడ కళ్లులేని అక్క రేడియో విని నిజం చెప్పింది. ఇక్కడ రెండు కళ్లూ ఉన్న తను చెప్పుల్ని చూసి మనిషిని చూశానని సంతకం పెట్టింది.

నవల మూసి సంచిలో పెట్టేసుకోవచ్చు. లోపలి ముద్ర మాట విన్నది తనొక్కతే. ఇంకో ముప్పై అయిదు నిమిషాలు నోరు మూసుకుంటే జీపు వెళ్లిపోతుంది, బాబాయ్ మిగులుతాడు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. ఎంతసేపు ఉందో ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. వెనక నుంచి బైండరమ్మ, సాయంత్రం అక్కకు ఎవరైనా అన్నం పెడతారా అని కానిస్టేబుల్ని అడుగుతున్న మాట వినిపించింది.

డిటెక్టివ్ వెనక్కి తిరిగి, నవలను ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది. ఏ పేజీ చూడాలో చెప్పింది. బల్ల మీది అయిదింటిలో కూడా చూడమంది. ఇది తన సంచిలోకి ఎలా వచ్చిందో చెప్పింది. నోటు పుస్తకం మొదటి వాక్యాన్నీ, అచ్చయిన మొదటి వాక్యాన్నీ పక్కపక్కన పెట్టింది. అతను వెటకారంగా ఏదో అంటాడని ఎదురుచూసింది. అతను కుర్చీ తెచ్చి ఆమె వెనక వేశాడు. పదేళ్లలో అతను ఆమెకు చేసిన మొదటి మర్యాద అదే, అదీ ఆమెకు అక్కర్లేని రోజున.

"కూర్చోను. పదిహేను నిమిషాలు ఆ అరల వెనక నిలబడండి చాలు," అని ఫోను తీసింది.

"బాబాయ్, లైబ్రరీలో ఉన్నాను. నీ నవల గురించి మాట్లాడాలి, వస్తావా?"

నీ నవల అన్న మాటను ఆయన కాదనలేదు. "నచ్చిందా?" అన్నాడు.

"రా. చెబుతాను."

ఇంటి నుంచి లైబ్రరీకి పది నిమిషాల నడక. తొమ్మిదో నిమిషానికి తలుపు తోసుకుని వచ్చాడు. జ్వరం పడిన మనిషిలా లేడు. బైండరమ్మను చూసి అయ్యో పాపం అన్నట్టు తల ఊపాడు. డిటెక్టివ్ ఎదురుగా బల్ల మీద ఉన్న నవల చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"ఎంతవరకు చదివావు అమ్మాయ్?"

"అరవై ఒకటో పేజీ దాకా బాబాయ్."

"అంతేనా? అసలు కథ అక్కణ్ణించేగా మొదలయ్యేది."

"అవును," అని ఆ పేజీ తెరిచి, కుట్టు విడదీసి పట్టుకుని ఆయన వైపు తిప్పింది.

బాబాయ్ కళ్లజోడు సరిచేసుకుని వంగాడు. చాలాసేపు చూశాడు. వెయ్యి నవలలకు ముగింపు ఎలా ఉండాలో తీర్పు చెప్పిన మనిషికి ఇది ఏ ముగింపో అర్థం కావడానికి అంతసేపు పట్టనక్కర్లేదు. అయినా చూస్తూనే ఉన్నాడు.

"మొదటి పేజీ చూశాను," అన్నాడు మెల్లగా. "ఖాళీగానే ఉంది."

"ఆవిడ ముందు లోపల వేస్తుంది బాబాయ్. పైన తర్వాత."

"ఈ కాపీని పారేద్దామనే అనుకున్నాను. పుస్తకం కదా, చేతులు రాలేదు."

ఆయన గొంతులో ఉన్నది పశ్చాత్తాపమో, తప్పు లెక్క వేసుకున్నందుకు చిరాకో ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు. అరల వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. బాబాయ్ వాదించలేదు. శనివారం పార్సిల్ ఆవిడ విప్పకముందే ఆ ఒక్కటీ తీసుకుపోదామని వచ్చాననీ, తలుపు తీస్తూనే ఆవిడ ఆ నవల చేత్తో పట్టుకుని ఉందనీ చెప్పాడు. అరవలేదట, తిట్టలేదట. సాయంత్రం అయిదింటికి అందరి ముందూ మొదటి పేజీ చదివి వినిపిస్తానందట. అంతే అందట.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "నా వాంగ్మూలం దిద్దుకోండి. శనివారం రెండుంపావుకి నేను చూసింది చెప్పుల్ని. మనిషిని కాదు."

అతను తలూపి, బైండరమ్మను ఇంటికి వెళ్లమన్నాడు. ఆమె లేచి, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక, సిరా డబ్బాకు మూత పెట్టింది. తర్వాత కొంగు సర్దుకుని అక్క దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

టైము అయిదుకు రెండు నిమిషాలు. గుమ్మం దాటబోతూ బాబాయ్ ఆగాడు. పోలీసులు ఆయన్ను ఆగనిచ్చారు. వెనక్కి తిరిగి చూసిన ఆ చూపులో భయం లేదు, బతిమాలడం లేదు. నిన్న ఉదయం ఎదురుగా కూర్చున్నప్పుడు ఆమె చూసిన ఆత్రమే ఉంది.

"ఒక్కటి చెప్పు అమ్మాయ్. కథ ఎలా ఉంది?"

"చాలా బాగుంది బాబాయ్," అంది. "ఆవిడ చాలా బాగా రాసింది."